ఉద్యోగం చేస్తూ వయొలిన్, బరువులు: రెండూ ఎందుకు ముందుకు సాగడం లేదు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను రోజుకు తొమ్మిది గంటలు కంప్యూటరు ముందు కూర్చుని చేసే ఉద్యోగంలో ఉన్నాను. రెండేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటున్నాను. ఎనిమిది నెలల క్రితం జిమ్‌లో కూడా చేరాను. వయొలిన్ నా చిన్ననాటి కోరిక, బరువులెత్తడం నడుము నొప్పి తెచ్చిపెట్టిన అవసరం. రెండూ నాకు ఇప్పుడు సమానంగా ఇష్టమే.

సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా జిమ్‌కు వెళ్లి, ఇంటికి వచ్చి స్నానం చేసి, తొమ్మిదింటికి వయొలిన్ పట్టుకుంటే కమాను తీగ మీద నిలకడగా సాగదు, వణుకుతుంది. ఎడమ చేతి చిటికెన వేలు దాని చోటికి చేరేలోపే స్వరం దాటిపోతుంది. నిన్న రాత్రి పావుగంట ప్రయత్నించినా ఒక్క దీర్ఘస్వరాన్ని కూడా శుద్ధంగా పలికించలేక, వాద్యాన్ని పెట్టెలో పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. వారాంతంలో మూడేసి గంటలు సాధన చేసి ఆ లోటు పూడ్చుకుందామంటే సోమవారానికి మెడ పట్టేస్తోంది. సమయం దొరకడం లేదని అనలేను. రోజుకు గంటన్నర తప్పకుండా మిగులుతుంది. రెండింటిలో ఒకదాన్ని మానుకోవాలా, లేక నేను చేస్తున్న తీరులోనే లోపం ఉందా?

మొదటి సమాధానం

నేను లెక్కల విభాగంలో పనిచేస్తూ పదకొండేళ్లుగా వయొలిన్ సాధన చేస్తున్నాను. మానుకోవలసిన అవసరం లేదు. మీరు రెండింటినీ చేస్తున్న వరుస మార్చుకుంటే చాలునని నా నమ్మకం. వేళ్లను ముడిచే పెద్ద కండరాలు వేళ్లలో కాక ముంజేతిలో ఉంటాయి. పుల్-అప్‌ల కడ్డీకి వేలాడినా, నేల మీది బరువును పైకెత్తినా, తీగను నొక్కినా పనిచేసేవి అవే కండరాలు. వాటి బలమంతా జిమ్‌లో ఖర్చు చేసి వచ్చి, గంట తిరక్కుండా అత్యంత సున్నితమైన పని అప్పగిస్తే కమాను వణకక ఏం చేస్తుంది?

వయొలిన్‌ను ఉదయానికి మార్చండి. ఉద్యోగానికి బయలుదేరే ముందు ఇరవై అయిదు నిమిషాలు చాలు. ఆ వేళ ఇంట్లోవారి నిద్ర చెడుతుందన్న సంకోచం నాకూ ఉండేది. తీగలను మోసే బ్రిడ్జి మీద రబ్బరు మ్యూట్ తొడిగితే శబ్దం బాగా తగ్గిపోతుంది. నేను మొదటి అయిదు నిమిషాలు ఖాళీ తీగల మీద కమానును ఈ చివరి నుంచి ఆ చివరి వరకు నెమ్మదిగా లాగుతాను. మిగిలిన సమయమంతా ముందురోజు తడబడిన రెండు మూడు చోట్లకే కేటాయిస్తాను. పాఠాన్ని మొదటి నుంచి చివరిదాకా వాయించాలన్న ఆశను ఉద్యోగం ఉన్న రోజుల్లో వదులుకోవడం కష్టమే కానీ, నేను వాయించే తీరు మెరుగుపడింది అప్పటి నుంచే. వారాంతపు మూడు గంటలను ఎలాగైనా ఆపండి. నేర్చుకున్నది నిలవడానికి, ఒకేసారి చేసే సుదీర్ఘ సాధన కన్నా రోజుల మీద పంచిన సాధనే ఎక్కువగా ఉపకరిస్తుంది. పైగా మెడకు ఊపిరి దొరుకుతుంది.

రెండవ సమాధానం

వాద్యం సంగతి నాకు తెలియదు కానీ, ఉద్యోగం చేస్తూ చాలాకాలంగా బరువులెత్తుతున్నాను కనుక ఆ వైపు నుంచి చెబుతాను. మీరు వారానికి ఎన్ని రోజులు జిమ్‌కు వెళుతున్నారో రాయలేదు. రాసిన తీరు చూస్తే రోజూ వెళుతున్నట్టుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాల బలాన్ని పెంచే వ్యాయామం అవసరం. ఆ రెండు రోజులను మూడు చేసుకున్నా, మిగిలిన రోజుల్లో వేగంగా నడిస్తే సరిపోతుంది. నడకకు ముంజేతితో పనిలేదు.

గురువు దగ్గర పాఠం ఉన్న రోజుకు ముందురోజు బరువునో కడ్డీనో గట్టిగా పట్టుకుని చేసే వ్యాయామాలు పెట్టుకోకండి. అలవాటు లేని శ్రమ వల్ల వచ్చే కండరాల నొప్పి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల మధ్య తీవ్రంగా ఉంటుంది కాబట్టి, అది సరిగ్గా మీ పాఠం వేళకే తయారవుతుంది. పాఠం ముందురోజు కాళ్ల వ్యాయామాలు చేసుకోండి.

మూడవ సమాధానం

పైన చెప్పిన రెండింటితోనూ ఏకీభవిస్తున్నాను. అయితే మీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టింది వణుకు కన్నా ఆ పెట్టె పక్కన కూర్చుండిపోవడమే. బరోదిన్ అనే రష్యన్ స్వరకర్త రసాయనశాస్త్ర ఆచార్యుడు. 1869లో మొదలుపెట్టిన ఒపెరాను అధ్యాపకత్వం, పరిశోధనల నడుమ రాస్తూ, పూర్తి చేయకుండానే 1887లో మరణించాడు. మిగిలిన భాగాన్ని రిమ్‌స్కీ-కోర్సకోవ్, గ్లాజునోవ్ పూర్తి చేశారు. తీరిక దొరికినప్పుడే రాసిన ఆ సంగీతం నేటికీ వేదికల మీద వినబడుతోంది. రెండేళ్లకే మిమ్మల్ని మీరు తూకం వేసుకోకండి.

ఇంకొక మాట. అలవాట్లు ఎలా ఏర్పడతాయో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందితో అధ్యయనం చేసి 2010లో ప్రచురించారు. ఒక పని తనంతట తానుగా జరిగే స్థితికి చేరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒక రోజు తప్పినా ఆ క్రమం చెప్పుకోదగినంతగా దెబ్బతినలేదు. అందువల్ల ఆఫీసులో ఆలస్యమై ఏదైనా తప్పిపోయిన నాడు మరుసటి రోజు రెట్టింపు చేయకండి. మీ మెడను పట్టేయించింది ఆ రెట్టింపే.

ప్రశ్న అడిగినవారి నుంచి, మూడు వారాల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. వారానికి మూడు రోజులే బరువులు, మిగిలిన రోజుల్లో నడక. వయొలిన్ ఉదయం ఆరున్నరకు. మొదటి వారం రెండు రోజులు తప్పాయి, మరుసటి రోజు అదనంగా చేయలేదు. ఖాళీ తీగ మీద కమాను ఇప్పుడు కొస వరకు వణకకుండా వెళుతోంది, పుల్-అప్‌లు తగ్గలేదు. చిటికెన వేలు మాత్రం ఇంకా ఆలస్యంగానే చేరుతోంది. మా గురువుగారికి చూపిస్తే, వేలిని కాక మోచేతిని కాస్త లోపలికి జరపమన్నారు. ఈ వారం సాధనంతా దాని మీదే.