గ్రాంటు రావడం ఆలస్యమైతే ఫెలోషిప్ విశ్వవిద్యాలయమే ముందుగా ఇవ్వాలా?

గ్రాంట్స్ సెక్షన్ ఉద్యోగి, హనుమకొండ:
పదకొండేళ్లుగా ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన ప్రాజెక్టుల ఫైళ్లు చూస్తున్నాను. ఢిల్లీ నుంచి గ్రాంటు తర్వాతి వాయిదా (విడత సొమ్ము) రాక, ఒక ప్రాజెక్టులో ఇద్దరు జూనియర్ రీసెర్చ్ ఫెలోలకు (జేఆర్‌ఎఫ్) నాలుగు నెలలుగా ఫెలోషిప్ అందలేదు. నెలకు 37,000 చొప్పున 2,96,000 రూపాయలు. ఓవర్‌హెడ్ కింద, అంటే ప్రాజెక్టు నడిపే సంస్థ ఖర్చులకని, విశ్వవిద్యాలయానికి వచ్చిన సొమ్ము మాత్రం బ్యాంకులో కదలకుండా ఉంది. అందులోంచి ఇచ్చి, గ్రాంటు రాగానే తిరిగి జమ చేసుకుందామని నోట్ పెట్టాను. ‘ఇంతకుముందు ఇలా ఇచ్చిన దాఖలా లేదు’ అని ఫైలు వెనక్కి వచ్చింది. ప్రాజెక్టులు నడవడానికే కదా ఓవర్‌హెడ్ ఇచ్చేది?

విశ్రాంత ఆడిటర్, కాజీపేట:
తిప్పి పంపినవారిది తప్పు కాదు. ప్రాజెక్టును మధ్యలో ఆపేస్తే ఆ సొమ్ము ఎవరి దగ్గర వసూలు చేస్తారు? ఆడిట్ అభ్యంతరం వస్తే జవాబు చెప్పుకోవలసింది మీరు. ఇక వేరే ప్రాజెక్టు ఖాతాలోంచి సర్దుదామనే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి.

పరిశోధక విద్యార్థి:
ఆడిటర్ గారూ, నాదీ ఇదే కథ. 2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్ 31,000 నుంచి 37,000 అయింది. మా ప్రాజెక్టు అంతకుముందు మంజూరైంది కాబట్టి బడ్జెట్ పాత లెక్కతోనే ఉంది. తేడా సంగతి అటుంచితే, అసలుకే ఆరు నెలలు దిక్కు లేదు. నయీంనగర్‌లో గది యజమానికి మంజూరు ఉత్తర్వు జిరాక్సు చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, “ఇందులో డబ్బు ఎక్కడుంది బాబూ?” అన్నారు. బకాయిలన్నీ ఒకేసారి పడేనాటికి మా అమ్మ గాజులు కుదువలో ఉన్నాయి. వాటి మీద కట్టిన వడ్డీని ఏ పద్దులో రాయాలి?

ఒక ప్రొఫెసర్:
విద్యార్థి బాధ నిజమే. కానీ ఢిల్లీని అనే ముందు మీ సెక్షన్ సంగతి చూడండి. నా వినియోగ ధ్రువపత్రం, అంటే గ్రాంటు దేనికి ఖర్చయిందో చూపే కాగితం, ఒక్క సంతకం కోసం మూడు వారాలు బల్ల మీద పడి ఉంది.

గ్రాంట్స్ సెక్షన్ ఉద్యోగి:
అలా జరుగుతుంది మేడమ్, ఒప్పుకుంటాను. ఈ ప్రాజెక్టులో మాత్రం ముడి వేరేచోట ఉంది. ఏటూరునాగారం అడవిలో నమూనాల సేకరణకు ఆ ప్రాజెక్టు నడిపే ప్రొఫెసర్ గారు అడ్వాన్సు తీసుకున్నారు. 18,000 రూపాయల ట్యాక్సీ బిల్లు నేటికీ ఇవ్వలేదు. అడ్వాన్సు తేలకుండా ఖర్చుల పట్టిక పూర్తి కాదు. పట్టిక లేకుండా 12-ఏ ఫారంలో ధ్రువపత్రం పోదు. అది అందకుండా తర్వాతి వాయిదా రాదు. బిల్లు ఇవ్వని ఆయనకు జీతం ఒకటో తేదీనే పడుతోంది, పస్తులేమో పిల్లలకు. అందుకే ఓవర్‌హెడ్ అడుగుతున్నాను.

విశ్రాంత ఆడిటర్, కాజీపేట:
ఈ మాట మొదటే చెప్పవలసింది. అయితే పాలకమండలి తీర్మానంతో రండి: మూడు నెలలకు మించకూడదు, ఓవర్‌హెడ్‌లో ఆ ప్రొఫెసర్ వాటా ఉంటే ముందు అందులోంచే కోత. అప్పుడు నేనైనా అభ్యంతరం రాయను.

ఒక ప్రొఫెసర్:
రేపు నా వాటాలోంచీ ఇలాగే కోత అంటే నేను ఒప్పుకోను. ధ్రువపత్రం మీ దగ్గర ఆగిన మూడు వారాలకు ఎవరి వాటా కోస్తారు?

గ్రాంట్స్ సెక్షన్ ఉద్యోగి:
న్యాయమైన ప్రశ్న. కాగితం మా దగ్గరికి వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ కూడా నోట్‌లో చేర్చి సోమవారం మళ్లీ పెడతాను. ఈలోగా ఆ ట్యాక్సీ యజమాని ఫోను ఎత్తితే బాగుండు.