అప్‌డేట్: మోకాలి ఆపరేషన్ తర్వాత మళ్లీ గ్రౌండ్‌లోకి దిగాను

మోకాలి ఎముకల్ని కలిపి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగి ఆపరేషన్ అయ్యింది, 34 ఏళ్లు వచ్చాయి, ఇక ఫుట్‌బాల్ మానేయాలా అని పోయినసారి అడిగాను కదా, మానలేదు. తొమ్మిది నెలలు ఆగమని ఫిజియో అంటే నేను పదకొండు నెలలు ఆగాను, తొందరపడి మళ్లీ తెంచుకున్నామని మీలో కొందరు రాసింది బాగా గుర్తుండిపోయింది. ఆగడం మాత్రం నరకం. 2022 ప్రపంచకప్ ఫైనల్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. స్కోరు 3-3 ఉండగా, ఎక్స్‌ట్రా టైమ్ చివర్లో ఫ్రాన్స్ ఆటగాడు కోలో మువానీ కొట్టిన బంతిని అర్జెంటీనా కీపర్ మార్టినెజ్ కాలు చాపి ఆపుతాడు చూడండి, అక్కడ ప్రతిసారీ ఊపిరి బిగబట్టేవాణ్ణి. నేనూ కీపర్‌నే.

మొన్న ఆదివారం దిగాను. గ్లవ్స్ బిగించుకుంటుంటే వేళ్లు వణికాయి. మొదటి ఇరవై నిమిషాలు కుడివైపు దూకాలంటే భయమేసింది, తర్వాత ఒక కార్నర్‌కి ఏమీ ఆలోచించకుండా ఎగిరి బంతిని పిడికిలితో కొట్టేశాను, కింద పడ్డాక గానీ మోకాలు గుర్తురాలేదు. నాన్న చనిపోయినప్పుడు కూడా నన్ను నిలబెట్టింది ఈ ఆటే, ఆ తొంభై నిమిషాలు నాకు బంతి తప్ప ఇంకేదీ కనపడదు.

ప్రస్తుతానికి వారానికి ఒక్క మ్యాచే, మిగతా రోజులు తొడ కండరాలకి వ్యాయామాలు. వాపు రాలేదు. వచ్చే ఆదివారం కూడా ఆడుతున్నాను.