బీడీ కార్మికుల పీఎఫ్: ఇప్పుడే 10సీ (పింఛను వాటా పైసలు తీసుకునే ఫారం) పెట్టాల్నా, ఆగాల్నా?

మెట్‌పల్లి నుంచి ప్రశ్న

మా దిక్కు బీడీలు చేసే అక్కలు కొందరు పని బంద్ చేస్తున్నరు. పీఎఫ్ పైసలన్నీ ఒక్కసారే తీసుకుంటమంటున్నరు. ఒకామె సర్వీసు తొమ్మిదేండ్ల ఏడు నెలలు, ఇంకొకామెది ఏడేండ్లు. పాస్‌బుక్‌ల కంపెనీ వాటా మరీ తక్కువ కనబడుతున్నది, కాజేసిండ్రా? ఇంట్ల చుట్టేటోళ్లకు పీఎఫ్ ఉండదని ఒక కమీషన్‌దారు (కంపెనీకీ కార్మికులకూ నడుమ ఉండేటోడు) అన్నడట, నిజమేనా?

నిజామాబాద్ నుంచి జవాబు

వాటా తక్కువ కనబడుడు మామూలే అన్నా. బీడీ పరిశ్రమల పీఎఫ్ 12 కాదు, 10 శాతం. నెల కూలి 4,000 అనుకుంటే కార్మికురాలి నుంచి 400, కంపెనీ నుంచి 400. కంపెనీ కట్టిన 400ల 333 పింఛనుకు పోతది, పీఎఫ్‌ల పడేది 67. పింఛను వాటాకు పాస్‌బుక్‌ల వేరే గడి ఉంటది, అండ్ల చూడుండ్రి. మోసం ఉంటే ఇంకోకాడ ఉంటది: చుట్టిన బీడీల లెక్క కన్నా తక్కువ కూలి చూపి పీఎఫ్ కట్టుడు. చుట్టిన బీడీలు రాసే కార్డుల లెక్కనూ పాస్‌బుక్‌ల కూలినీ నెలనెలా పక్కపక్కన పెట్టి చూస్తేనే అది దొరుకుతది.

మొదటి అక్కకు తొందర వద్దు. పింఛనుకు పదేండ్ల సర్వీసు కావాలె, కానీ చివర్ల ఆరు నెలలు, ఆపైన మిగిలితే నిండు ఏడాది కింద లెక్కిస్తరు. కాబట్టి తొమ్మిదేండ్ల ఏడు నెలలు సరిపోతది. ఒక్కటే చిక్కు. పని లేని రోజులను కంపెనీ 'ఎన్‌సీపీ' అని చూపితే అవి సర్వీసుల కెల్లి పోతయి. ఆమెకు చేతిల మిగిలింది ఒక్క నెలే; అంతకు మించి కోత పడితే తొమ్మిదిన్నరకు కిందికి దిగుతది. ముందు అది చూసుకొని, తక్కువ పడితే ఇంకో రెండు మూడు నెలలు చేసి బంద్ చెయ్యాలె. తర్వాత ఫారం 19తోని పీఎఫ్ తీసుకోవచ్చు. పింఛనుకు 58 ఏండ్లు నిండినంక 10డీ ఫారం పెట్టాలె. 50 దాటినంక కూడా వస్తది గానీ, ముందు తీసుకున్న ఒక్కో ఏడాదికి 4 శాతం కోత.

ఏడేండ్ల అక్క 10సీల పైసలు తీసుకుంటే, 4,000 కూలికి 7.54 రెట్లు, అంటే 30 వేల చిల్లర వస్తది. ఆ ఏడేండ్ల సర్వీసు అక్కడితోని ఖతం. పైసలకు బదులు అదే 10సీల స్కీం సర్టిఫికెట్ (చేసిన సర్వీసును నిలబెట్టే కాగితం) అడగుండ్రి. రేపు ఇంకో కంపెనీల మూడేండ్లు చేస్తే కలుస్తయి, 58కి నెలకు కనీసం 1,000. ముప్పై నెలల పింఛనుతోనే ఆ 30 వేలు తేలిపోతయి.

హన్మకొండ

కమీషన్‌దారు చెప్పింది తప్పు. ఇళ్లలో బీడీలు చుట్టేవారికీ పీఎఫ్ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. అత్త కార్డు మీద కోడలు చుడుతుంటే మాత్రం సర్వీసంతా అత్తదే అవుతుంది. కోడలికి వేరే కార్డు, వేరే యూఏఎన్ (పీఎఫ్ సభ్యురాలి నంబరు) అడగాలి.

కామారెడ్డి

ఎక్కువ క్లెయిములు ఆగేది పేరుకాడనే. పీఎఫ్‌ల పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌ల అత్తింటిది. పుట్టిన తేదీ కూడా అట్లనే. పని మానకముందే కంపెనీతోని జాయింట్ డిక్లరేషన్ (కార్మికురాలు, కంపెనీ కలిసి పెట్టే సవరణ దరఖాస్తు) పెట్టించుండ్రి, కార్ఖానా మూతపడ్డంక సంతకం పెట్టేటోళ్లను పట్టుకునుడు కష్టం. పాత కంపెనీది వేరే యూఏఎన్ ఉంటే ఫారం 13తోని ఒక్కదాంట్ల కలుపుకోవాలె, లేకుంటే ఆ ఏండ్లు లెక్కకు రావు.