పాత ఫిల్మ్ కెమెరాలో షట్టర్ స్పీడ్ 1/500 నుంచి ఫోటో కుడివైపు నల్లబడుతోంది, ఏం చేయాలి?

కెమెరా 1970ల నాటి జపాన్ 35 ఎంఎం ఎస్‌ఎల్‌ఆర్. పూర్తిగా మెకానికల్, అడ్డంగా కదిలే గుడ్డ షట్టర్ (ఒకదాని వెనక ఒకటి కదిలే రెండు తెరలు). సెకండ్ హ్యాండ్‌లో కొని రెండు నెలలైంది. 50 ఎంఎం లెన్స్, ఐఎస్‌ఓ 200 కలర్ నెగటివ్ వాడుతున్నాను.

డిసెంబర్‌లో లంబసింగిలో, పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది మధ్య పొగమంచులో ఒక రోల్ తీశాను. 36లో 11 ఫోటోలు పాడయ్యాయి. 1/500 దగ్గర కుడి అంచున సన్నటి నల్ల పట్టీ, 1/1000 దగ్గర దాదాపు పావు వంతు చీకటి. 1/125, అంతకన్నా తక్కువ స్పీడ్‌లో తీసినవన్నీ శుభ్రంగా ఉన్నాయి. నెగటివ్‌లో ఆ భాగం పారదర్శకంగా ఉంది కాబట్టి లైట్ లీక్ (బయటి వెలుగు లోపలికి చొరబడడం) కాదు, అక్కడికి అసలు వెలుగే చేరలేదు. (ల్యాబ్‌వాళ్లు మాత్రం స్కానింగ్ తేడా అన్నారు!)

లెన్స్ మార్చాను, హుడ్, ఫిల్టర్ తీసేశాను. వెనక తలుపు ఫోమ్ కూడా కొత్తది అంటించాను. ఫలితం లేదు. చివరికి ఫిల్మ్ లేకుండా వెనక తలుపు తెరిచి, తెల్ల గోడ వైపు పెట్టి షట్టర్ నొక్కి చూశాను. 1/60లో ఫిల్మ్ మీద వెలుగు పడే కిటికీ మొత్తం తెల్లగా కనిపిస్తోంది. 1/1000లో వెనక నుంచి చూస్తే ఎడమవైపు తెరుచుకోవడమే లేదు (లెన్స్ బొమ్మను తిప్పేస్తుంది కాబట్టి ఫోటోలో అది కుడివైపు). యాభై సార్లు ఖాళీగా నొక్కాక కొంచెం మెరుగైంది, మర్నాడు పొద్దున మళ్లీ అంతే.

షట్టర్ రెండో తెర మొదటిదాన్ని దారిలోనే అందుకుంటోందని నా అనుమానం. ఇలాంటిది బాగు చేయించుకున్నవాళ్లు చెప్పండి: షట్టర్ లోపల ఎండిన ఆయిల్ శుభ్రం చేయిస్తే సరిపోతుందా, తెరల స్ప్రింగ్ టెన్షన్ కూడా సరిచేయించాలా?