పాత చింతకాయ పచ్చడి: అసలిది తిట్టేనా?

పెద్దలకు నమస్కారం. నేను హైదరాబాద్‌లో వాతావరణ మోడళ్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మొన్న ఐటీలో ఉన్న మా బావ నా ల్యాప్‌టాప్‌లో ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడ్ చూసి, "1957 నాటి పాత చింతకాయ పచ్చడి! ఇంకా ఇదేనా?" అని నవ్వాడు. ఒళ్లు మండింది గానీ, తర్వాత ఆ మాట మీదే అనుమానం వచ్చింది. జ్వరం తగ్గాక అమ్మ వెతికి మరీ పథ్యం పెట్టేది పాత పచ్చడే కదా. అది తిట్టు ఎలా అయింది?

— పథ్యమంటే రోజూ అదే తినాలండీ. విని విని విసుగెత్తిన కబురుకు ఆ పేరు అలా అంటుకుందనే నా లెక్క. పాపం, పచ్చడి తప్పేం లేదు.

— మా దిక్కు తొక్కు అంటరు తమ్మీ. పాతదైతే నల్లగైతది, రుచి మాత్రం అదే.

— తొక్కు! ఇదే కావాలి అన్నా. ఉప్పు, పసుపు వేసి దంచి, మూడో రోజు ఈనెలు, గింజలు తీసి జాడీకెత్తే శ్రమ ఒక్కసారే. తర్వాత కావలసినంత తీసి, మిరపకాయలు నూరి పోపు పెట్టుకోవడమే. మా బావ రాసే పైథాన్ భాష ఆ పోపు. పైథాన్‌లో లెక్కలకు వాడే నంపై లైబ్రరీలో సమీకరణాలు సాధించమంటే లోపల పని చేసేది లాప్యాక్ అనే మరో లైబ్రరీ. 1992లో ఫోర్‌ట్రాన్‌లో వచ్చిన తొక్కు అది. మేం వాడే డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే వాతావరణ మోడల్ కూడా ఫోర్‌ట్రానే, లక్షల లైన్లు. తిరగరాయొచ్చు. కానీ కంప్యూటర్ ప్రతి కూడికలోనూ చివరి అంకెలను సవరించేస్తుంది కాబట్టి, కూడికల వరస మారితే చాలు, ఫలితంలో చివరి అంకెలు మారతాయి. అది తప్పా, మామూలేనా అని తేల్చేసరికి తాతలు దిగొస్తారు.

— మరీ ఎత్తేయకండి. అందులో ఈనెలు లేవా?

— ఎందుకు లేవు! పాత పద్ధతిలో లైను 72 గడులు (గడికో అక్షరం) దాటితే మిగతాది లెక్కలోకి రాదు, కార్డులకు చిల్లులు పెట్టి ప్రోగ్రాములు ఎక్కించిన పంచ్ కార్డుల నాటి అలవాటు. ఎత్తుకెళ్లే కొద్దీ ఉష్ణోగ్రత మీటరుకు 0.0065 డిగ్రీలు తగ్గుతుందని రాశాను. ఆ 5 కాస్తా 73వ గడిలో పడి 0.006 అయింది. ఎర్రర్ లేదు, ఏం లేదు. రెండు వారాలు టెన్షన్.

— బావకు చెప్పారా?

— పిచ్చా అండీ?