డక్ హంట్ తుపాకీ ఎంత కాల్చినా తగలడం లేదు, ఎవరికైనా తెలుసా?

బరంపురం కుర్రాడు: మధ్యాహ్నం నుంచి దీనిమీదే కూర్చున్నాను, తల వాచిపోయింది. మా చిన్నాన్న కూల్‌డ్రింక్ పార్లర్లో ఒక మూల పాతకాలం వీడియో గేములు పెడుతున్నాం, రేపే మొదలు. మిగతా ఆటలన్నీ శుభ్రంగా ఆడుతున్నాయి. తెర మీది బాతుల్ని తుపాకీతో కాల్చే డక్ హంట్‌తోనే చిక్కు. ట్రిగ్గర్ నొక్కితే తూటా తగ్గుతోంది, బాతు మాత్రం పడదు. పైగా ఆటలోని కుక్క లేచి నవ్వుతాది. తుపాకీ మార్చాను, అదీ అంతే.

గోపాలపూర్ అన్న: క్యాసెట్ నోటితో ఊదుంటావు. ఊదకండి బాబూ అని ఎన్నిసార్లు చెప్పాలి! నోటి తడికి పిన్నులు పాడవుతాయి. మా వైపు ఉప్పుగాలి చాలదా? దూదిపుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో ముంచి 60 పిన్నులూ తుడువు, ఆరాక పెట్టు.

పర్లాకిమిడి మాస్టారు: అది క్యాసెట్ కాదు, కార్ట్రిడ్జ్. క్యాసెట్లో టేపుంటుంది.

గోపాలపూర్ అన్న: బజార్లో కార్ట్రిడ్జ్ అంటే ప్రింటర్ సిరా చేతిలో పెడతారు మాస్టారూ.

రాయగడ మెకానిక్: టీవీ ఏది?

బరంపురం కుర్రాడు: 43 అంగుళాల ఎల్ఈడీ, కొత్తదే. అయినా తుపాకీ వైరు గేము డబ్బాకి కదా, టీవీతో ఏటి సంబంధం?

రాయగడ మెకానిక్: ఎల్ఈడీలో పనిచేయదు. పిక్చర్ ట్యూబ్ ఉన్న పాత డబ్బా టీవీ తెచ్చుకో.

జయపురం అక్క: అలా తేల్చేస్తే వాడికేం తెలుస్తుంది! తమ్ముడూ, ఆ తుపాకీలోంచి ఏమీ రాదు. గొట్టంలో వెలుతురుని పసిగట్టే చిన్న భాగం ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడి, బాతున్న చోట తెల్లగళ్ళు మెరుస్తాయి. ముందు చీకటి, ఆ వెంటనే వెలుతురు కనిపిస్తేనే తగిలినట్టు లెక్క. అందుకే బల్బుకేసి కాల్చి మోసం చేద్దామన్నా కుదరదు. డబ్బా టీవీ సిగ్నల్ వచ్చింది వచ్చినట్టే గీసేస్తుంది. ఎల్ఈడీ బొమ్మని సర్దుకుని చూపించేలోపే ఆట గురి తప్పిందని తేల్చేస్తుంది. 1984 నాటి ఆట మరి.

బరంపురం కుర్రాడు: టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెడితే? బొమ్మ ఆలస్యం తగ్గుతాది కదా?

రాయగడ మెకానిక్: చాలదు. డబ్బా టీవీ దొరికితే వెనక మూత మాత్రం విప్పకు. ప్లగ్ పీకేసినా పిక్చర్ ట్యూబ్‌లో షాక్ కొట్టేంత కరెంటు నిలిచుంటుంది. ఆ టీవీకి వీడియో పిన్ను లేకపోతే గేము డబ్బాని యాంటెనా వైరుతో కలిపి ఛానల్ సెర్చ్ చేయి.

గోపాలపూర్ అన్న: ఏ టీవీ అయినా పిన్నులు తుడవాల్సిందే.

బరంపురం కుర్రాడు: మామ్మ గదిలో ఒకటుంది, ఆవిడ సీరియళ్ళన్నీ దాంట్లోనే. అడిగి చూస్తాను. థాంక్సండీ అందరికీ.

గుణుపురం నుంచి: మాకు తుపాకీ బానే ఉంది గానీ బొమ్మ నలుపు తెలుపులో వస్తోంది. ఏం చేయాలి?