గర్భిణి చిత్రం ఏఐకి ఎందుకు కుదరడం లేదు? (చర్చ)

విజయవాడ చిత్రకారిణి:
నేను ఏడో నెల గర్భిణిని. వృత్తిరీత్యా డిజిటల్ చిత్రాలు గీస్తాను. ఈ నెలల అనుభవాన్ని చిత్రమాలగా మలచాలని ఏఐకి రకరకాలుగా వివరించి చూశాను. ఎలా అడిగినా వెనుక నుంచి పడే బంగారు వెలుగు, చారలు లేని పొట్ట, దానిమీద ఆనించిన చెయ్యి, ఇవే వస్తున్నాయి. వేవిళ్ళతో పీక్కుపోయిన ముఖాన్ని, చెప్పులు పట్టనంతగా వాచిన పాదాలను అడిగితే, అదే నవ్వుముఖానికి కొంచెం నీడ అద్ది ఇస్తోంది. ఇటువంటి పని చేసినవారు ఏ దారి పట్టారో చెప్పగలరా?

గుంటూరు రేడియాలజిస్టు:
మీ స్కాన్ చిత్రాలతో మొదలుపెట్టవచ్చునమ్మా. అయితే అవి ఫోటోలు కావు. పొట్టమీద ఆనించే ప్రోబ్ అనే పరికరం పంపిన ధ్వని తరంగాలు కణజాలాల సరిహద్దులను తాకి వెనక్కి వచ్చినప్పుడు, అందుకు పట్టిన సమయాన్ని బట్టి లోతునూ, ప్రతిధ్వని బలాన్ని బట్టి వెలుగునూ యంత్రం లెక్కకడుతుంది. త్రీడీ స్కాన్‌లో కనిపించే తేనెరంగు సైతం కంప్యూటర్ అద్దినదే. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం గర్భస్థ శిశువు లింగాన్ని వెల్లడించడం నేరం కనుక, ప్రదర్శించే చిత్రంలో అటువంటి సూచన ఏదీ లేకుండా చూసుకోండి. అంచున ముద్రించి ఉండే మీ పేరు, ఆస్పత్రి వివరాలు కూడా తీసివేయండి.

హైదరాబాద్ కళాబోధకుడు:
గర్భం చిత్రాలలో అసలు తల్లి కనిపించకుండా పోవడం ఏఐతో మొదలైనది కాదు. 1965 ఏప్రిల్ 30 నాటి లైఫ్ పత్రిక ముఖచిత్రంగా స్వీడన్ ఫోటోగ్రాఫర్ లెనార్ట్ నిల్సన్ తీసిన పిండం ఫోటో వచ్చింది. చూసేవారికి ఆ శిశువు అంతరిక్షంలో ఒంటరిగా తేలుతున్నట్టే ఉంటుంది. ఆ వరుసలోని చిత్రాలలో ఎక్కువ భాగం గర్భసంచి వెలుపలికి వచ్చిన పిండాలవి. ఈ సంగతి విద్యార్థులకు చెప్పినప్పుడల్లా తరగతి చాలాసేపు మాట్లాడదు.

న్యూజెర్సీ నుంచి ఒక తల్లి:
2022లో న్యూయార్క్‌లో ఆనీ లియూ అనే కళాకారిణి ప్రదర్శన చూశాను. అప్పటికి నేను పసిబిడ్డ తల్లిని. బిడ్డ పుట్టిన తొలి 30 రోజులలో పాలిచ్చిన ప్రతిసారినీ, డైపర్ మార్చిన ప్రతిసారినీ నమోదు చేసి, ఆ లెక్కనే ఆమె కళాకృతిగా నిలబెట్టారు. రాత్రి, పగలు తేడా లేని ఆ వరుసను చూస్తూ అక్కడే నిలబడి ఏడ్చాను. నా శ్రమకు రూపం ఉంటుందని అంతవరకు నాకు తోచలేదు. ఆడపిల్లలకనీ మగపిల్లలకనీ విడదీసి అమ్మే ఆటబొమ్మల నుంచి ఏఐ యంత్రం ఏమి నేర్చుకుంటుందో చూపే శిల్పాలు కూడా ఆమె చేశారు. యంత్రపు పక్షపాతాన్ని సరిదిద్దడానికి బదులు, దాన్ని బయటపెట్టడమే ఆమె పద్ధతి. మీరు ఆ బంగారు వెలుగు బొమ్మలను పారవేయకండి.

విజయవాడ చిత్రకారిణి:
అందరికీ కృతజ్ఞతలు. ఏఐ ఇచ్చిన ప్రతి బొమ్మ పక్కనా ఆ రోజు నా రక్తపోటు, నిద్రపోయిన గంటలు, కడుపులో బిడ్డ కదలికల లెక్క నా చేతిరాతతోనే ఉంచుతాను. పాదాలను మాత్రం అద్దంలో చూసుకుంటూ నేనే గీస్తాను.